అలమారా తలుపు తగిలిందని చెప్పారు కదా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 36 ఏళ్లు. పెళ్లయి ఎనిమిదేళ్లయింది, ఆరేళ్ల పాప ఉంది. ఈ విషయం ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. నా భార్య నన్ను కొడుతుంది. మొదట్లో ఎప్పుడో ఒక చెంపదెబ్బ. ఇప్పుడు నెలకు రెండు మూడు సార్లు అవుతోంది. పోయిన నెల ఫోన్ విసిరితే కనుబొమ్మ చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. డాక్టరుకు అలమారా తలుపు తగిలిందని చెప్పాను. నా జీతం కార్డు తన దగ్గరే ఉంటుంది. నా ఫోన్ రోజూ చూస్తుంది. మా అక్కతో మాట్లాడితే గొడవ. రెండుసార్లు రాత్రిపూట నన్ను బయటపెట్టి తలుపేసుకుంది. తర్వాత తనే ఏడ్చి సారీ చెబుతుంది, వారం పది రోజులు ఎంతో బాగుంటుంది. ఒకసారి ఆపడానికి తన చేతులు గట్టిగా పట్టుకున్నాను, మణికట్టు దగ్గర ఎర్రగా కమిలింది. ఫోటో తీసి పెట్టుకుంది. "ఎవరికైనా చెప్పావో, నువ్వే కొట్టావని చెబుతా. నిన్నెవరు నమ్ముతారో చూద్దాం" అంది. తను నా భుజం దాకా కూడా రాదు. ఒక ఫ్రెండుకు చెప్పబోతే పడీ పడీ నవ్వాడు. మొన్న పాప నా చెవిలో "నాన్నా, నువ్వేం మాట్లాడకు, అమ్మకి కోపం వస్తుంది" అంది. కొన్ని రాత్రుళ్లు పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తోంది. దీన్ని గృహహింస అంటారా, లేక నేనే చేతకానివాడినా? ఆఫీసు కంప్యూటర్ నుంచి రాస్తున్నాను, దయచేసి ఇంటికి జవాబు పంపొద్దు.
ఓ పాఠకుడు

సమాధానం: మీరు అడిగినట్టే ఇంటికి ఏమీ పంపడం లేదు. మిమ్మల్ని గుర్తుపట్టే వివరాలు కూడా తీసేశాను.

మీరు చివర్లో, ఏదో మాటవరసకు అన్నట్టు రాసిన వాక్యం దగ్గరే మొదలుపెడతాను. పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తోంది అన్నారు. చచ్చిపోవాలని అనిపిస్తోందా? దాన్ని ఎలా చేయాలో కూడా ఆలోచించారా? ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే మోస్తున్నవాడికి కాస్త భారం దిగుతుంది. మీ జవాబు "అవును" అయితే మిగతాదంతా తర్వాత చదవండి. ఇవాళే ఒక మానసిక వైద్యుడి దగ్గరకో, మీరున్నచోట ఆత్మహత్యల నివారణకు పనిచేసే హెల్ప్‌లైన్‌కో, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకో వెళ్లండి. "ఆలోచన వస్తుంది కానీ అంతదూరం పోలేదు" అనుకున్నా సరే, ఆ విషయం మీరొక్కరే మోయకూడదు. ఇంట్లో దెబ్బలు తింటూ బయట నవ్వు ముఖం పెట్టుకుని తిరిగే మనిషికి ఇలాంటి ఆలోచనలు రావడంలో వింత లేదు. సిగ్గు అంతకన్నా లేదు.

ఇక మీ ప్రశ్న. అవును, అది గృహహింసే. "మగవాడి విషయంలో ఇలా అనొచ్చో లేదో" అని నసగకుండా చెబుతున్నాను. కనుబొమ్మ చిట్లేలా ఫోన్ విసరడం, జీతం గుప్పిట్లో పెట్టుకోవడం, తోబుట్టువుతో మాట్లాడనివ్వకపోవడం, రాత్రి గడప బయట నిలబెట్టడం. ఇదే ఉత్తరం ఒక స్త్రీ రాసి ఉంటే మీరైనా, నేనైనా, మీ ఫ్రెండైనా ఒక్క క్షణం ఆలోచించేవాళ్లం కాదు.

ఇక్కడ నాదో తప్పు ఒప్పుకోవాలి. మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నా మనసులో వచ్చిన మొదటి మాట, "ఇంతకీ ఇతనేం చేశాడో". ఇన్నేళ్లుగా ఎందరో ఆడవాళ్ల ఉత్తరాలకు జవాబులు రాశాను, వాళ్లను ఎవరైనా ఆ మాట అంటే మండిపడ్డాను. మీ దగ్గరకొచ్చేసరికి అదే మాట నాకే వచ్చింది. రెండు రోజులు ఉత్తరం పక్కన పెట్టి మళ్లీ చదివాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మీరు నోరు విప్పినప్పుడు ఇంకొందరు కూడా ఇదే మాట అంటారు. అది మీలో ఉన్న లోపం వల్ల కాదు. మగవాడు దెబ్బ తినడమనే బొమ్మ మా బుర్రల్లో లేదు, ఉన్నా అది హాస్యం కథలోనే ఉంది.

తను నా భుజం దాకా కూడా రాదు అన్నారు. ఈ వాక్యమే మిమ్మల్ని ఎక్కువగా తినేస్తోందని నాకనిపించింది. అంత చిన్న మనిషి చేతిలో దెబ్బలు తింటున్నానే అని. కానీ ఇంట్లో జరిగే హింస కుస్తీ పోటీ కాదు. బలం ఉన్నవాడు దాన్ని వాడకూడదని నిర్ణయించుకున్నాక ఆ బలం లెక్కలోకి రాదు. మీరు చెయ్యెత్తడం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. విసిరే వస్తువుకు, నిద్రలో ఉన్నప్పుడు పడే దెబ్బకు ఎత్తుతో పనిలేదు. చేతకానివాడినా అని అడిగారు. చేయగలిగి కూడా చేయకుండా ఉండటాన్ని చేతకానితనం అనరు.

ఇది మీ ఒక్కరికే జరుగుతోందనుకుంటున్నారేమో. ఇంగ్లండ్, వేల్స్ ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో 16 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 21 లక్షల మంది గృహహింసకు గురయ్యారు. అందులో 14 లక్షల మంది స్త్రీలు, 7 లక్షల 51 వేల మంది పురుషులు. భాగస్వామి చేసిందే కాక ఇతర కుటుంబసభ్యులు చేసింది కూడా ఈ లెక్కలో ఉంది. అయినా బాధితుల్లో మూడోవంతుకు పైగా మగవాళ్లే. మీ ఆఫీసులో, మీ వీధిలో మీలాంటివాళ్లు ఉన్నారు. వాళ్ల అలమారా తలుపులు కూడా తరచూ తగులుతుంటాయి.

అలాగని ఆడవాళ్ల బాధ తక్కువని నేను అనడం లేదు. ఈ విషయం మాట్లాడేటప్పుడు కొందరు మగవాళ్లు "చూశారా, ఇద్దరూ సమానమే" అంటూ మొదలుపెడతారు. వాళ్ల వెంట వెళ్లకండి. 1975లో అమెరికాలో స్ట్రాస్, గెల్లెస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు రెండు వేలకు పైగా కుటుంబాలను సర్వే చేశారు. ఆ ఏడాదిలో భార్యపై చెయ్యి చేసుకున్న భర్తలు నూటికి 12 మంది దాకా తేలారు. భర్తపై చెయ్యి చేసుకున్న భార్యలు కూడా ఇంచుమించు అంతే. పెద్ద దుమారం లేచింది. ఆ సర్వే ఎన్ని దెబ్బలో లెక్కపెట్టింది కానీ ఆ దెబ్బకు ఎంత గాయమైందో, ఎవరు ఎవరికి భయపడుతున్నారో లెక్కపెట్టలేదన్నది విమర్శ. అది సరైన విమర్శే. హత్యల దాకా వస్తే తేడా మరీ ఎక్కువ. పలు దేశాల లెక్కలు కలిపి 2013లో ప్రచురించిన ఒక పరిశీలనలో హత్యకు గురైన స్త్రీలలో నూటికి 38 మందికి పైగా భాగస్వామి చేతిలోనే చనిపోయినట్టు తేలింది. పురుషులలో అది 6 మంది చొప్పున. ఈ రెండు నిజాలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. పక్కింటామెకు రెండు కాళ్లు విరిగాయని మీ చెయ్యి విరగలేదని ఎవరూ అనరు కదా.

ఆ విమర్శ నుంచే మీకు పనికొచ్చే ఒక ఆలోచన పుట్టింది. మైకేల్ జాన్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు 1995లో, భాగస్వాముల మధ్య హింస అంతా ఒకే రకం కాదన్నాడు. ఒక రకం, మాటా మాటా పెరిగి ఒక్కోసారి ఒకరో ఇద్దరో అదుపు తప్పడం. అదీ తప్పే, కానీ గొడవ ముగిశాక అక్కడ భయం మిగలదు. రెండో రకంలో దెబ్బ ఒక పనిముట్టు మాత్రమే. డబ్బు, ఫోన్, బంధువులు, నిద్ర అన్నీ ఒకరి చేతిలోకి వెళ్లిపోతాయి. అవతలి మనిషి తన ఇంట్లో తనే అడుగులో అడుగేస్తూ బతుకుతాడు. మీది ఏ రకమో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష. సాయంత్రం తలుపు తెరిచే ముందు ఆమె మూడ్ ఎలా ఉందోనని గుండె దడదడలాడుతోందా? అక్క ఫోన్ చేస్తే పేరు కనబడకుండా తెర బోర్లా తిప్పేస్తున్నారా? ఒక మాట అనేముందు దానికి ఏమొస్తుందోనని లెక్కేసుకుంటున్నారా? మీ ఉత్తరం చూస్తే మూడింటికీ జవాబు నాకు అర్థమైంది. మీ ఆరేళ్ల పాపే లెక్కేసుకుంటోంది.

మణికట్టు సంగతి మిమ్మల్ని దొలిచేస్తోంది కాబట్టి విడిగా చెబుతాను. మీదపడుతున్న చేతిని ఆపడానికి పట్టుకోవడం, ఎదుటి మనిషిని లొంగదీయడానికి పట్టుకోవడం ఒకటి కాదు. ఆ ఒక్కసారే, ఆపడానికే అయితే, దానివల్ల మీరు కూడా అలాంటివారే అయిపోరు. ఉత్తరంలో రాయని దెబ్బ మీవైపు నుంచి ఏదైనా ఉంటే మాత్రం, నాకు కాదు, మీకు మీరు ఒప్పుకోండి. ఏమైనా ఇకముందు పట్టుకోవద్దు. పట్టుకున్న చోట గుర్తు పడుతుంది. ఆ గుర్తు తర్వాత ఏ కథైనా చెబుతుంది. గొంతు పెరుగుతోందనగానే తలుపుకు దగ్గరగా ఉండండి, ఆమె దారికి అడ్డం నిలబడకండి, బయటికి నడవండి. ఎక్కడికి వెళతారో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. బండి తాళం, గుర్తింపు కార్డుల నకళ్లు, కొంచెం డబ్బు ఇంటి బయట, నమ్మకమైన చోట ఉంచండి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే పోలీసులకు ఫోన్ చేయండి. పరువు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

దెబ్బ తర్వాత వచ్చే ఆ వారం పది రోజులు ఉన్నాయే, చాలామందిని అక్కడే ఆపేసేవి అవే. లెనోర్ వాకర్ అనే మనస్తత్వవేత్త 1979లో దెబ్బలు తిన్న స్త్రీల అనుభవాల నుంచి ఒక చక్రం గీసింది. టెన్షన్ పెరగడం, దెబ్బ, ఆ తర్వాత పశ్చాత్తాపం, ప్రేమ. మళ్లీ టెన్షన్. అందరి ఇళ్లలోనూ అచ్చం ఇలాగే తిరగదని తర్వాతివాళ్లు అన్నారు. మీ ఇంట్లో మాత్రం తిరుగుతోంది. ఆ ఏడుపు నటన అని నేను అనను. ఆ క్షణంలో ఆమెకు నిజంగానే బాధ ఉండొచ్చు. కానీ ఎనిమిదేళ్లలో ఆ కన్నీళ్లు తర్వాతి దెబ్బను ఎన్నిసార్లు ఆపాయి?

ఆమె ఎందుకిలా చేస్తోంది అన్న ప్రశ్న మిమ్మల్ని వదలదు. చిన్నప్పుడు చూసిన ఇల్లు, పని ఒత్తిడి, మానసిక అనారోగ్యం, ఏదైనా కావచ్చు. ఆమెకు సాయం కావాలి, దొరకాలి కూడా. కానీ ఆమె తన పైఅధికారి మీద ఫోన్ విసురుతోందా? బంధువుల ముందు మిమ్మల్ని కొడుతోందా? ఎవరూ లేనప్పుడే వచ్చే కోపం మనిషి అదుపులో ఉన్న కోపమే. కారణం తెలిస్తే జాలిపడొచ్చు. దెబ్బ మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. ఆమెకు వైద్యం చేసే బాధ్యత మీరు నెత్తిన వేసుకోకండి.

"ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్లండి" అని ఎవరో ఒకరు అంటారు. ఇప్పుడు వద్దు. ఒకరికి ఇంకొకరంటే భయం ఉన్నప్పుడు ఆ గదిలో నిజం చెప్పలేరు, చెబితే ఇంటికొచ్చాక వడ్డీతో సహా తీర్చాల్సి వస్తుంది. ముందు మీరు ఒక్కరే ఒక కౌన్సెలర్‌ను కలవండి. హింస ఆగి, ఆగిందని మీకు నమ్మకం కుదిరాక కలిసి వెళ్లే సంగతి చూడొచ్చు.

అన్నిటికన్నా కష్టమైనది డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లడం. వెళ్లి "అప్పుడు తలుపు అని చెప్పాను, నిజానికి ఇంట్లో ఫోన్ విసిరితే తగిలింది" అని చెప్పండి. ఆ రోజు రాసింది చెరిపేయరు కానీ ఇవాళ మీరు చెప్పింది తేదీతో రాస్తారు. "నిన్నెవరు నమ్ముతారు" అన్న బెదిరింపుకు జవాబు ఇలాంటి కాగితాలే. బ్రిటన్‌లో 2018లో ఒక కేసు నడిచింది. వేడినీళ్లతో కాల్చి, కత్తితో గాయపరిచి, తిండి లేకుండా చేసి, ఇంట్లోవాళ్లకు దూరం చేసి ఒక కుర్రాణ్ణి ప్రాణాల మీదకు తెచ్చింది అతని ప్రియురాలు. మొదట్లో ఆ గాయాలకు అతను ఏవేవో కారణాలు చెప్పాడు, మీలాగే. ఆమెకు ఏడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. భాగస్వామిని గుప్పిట్లో పెట్టుకుని వేధించడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 చట్టం నేరంగా చేసింది. ఆ నేరం కింద శిక్ష పడిన మొదటి మహిళ ఆమే. మీ పరిస్థితి అంతదాకా వచ్చిందనడం లేదు. అతని అబద్ధాలు కూడా చిన్నగానే మొదలై ఉంటాయి.

ఏ రోజు ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో రాసి పెట్టుకోండి. తేదీ, సమయం, ఏమన్నారు, ఏం తగిలింది, ఎవరు చూశారు. తిట్లు, వ్యాఖ్యానాలు వద్దు. గాయమైతే ఫోటో తీయండి. ఇవేవీ ఆమె చూసే ఫోన్‌లో ఉంచకండి. ఆఫీసు కంప్యూటర్ కూడా మీది కాదు, గుర్తుంచుకోండి. ఆమెకు తెలియని ఈమెయిల్ ఒకటి తెరిచి అక్కడ దాచండి. రహస్యంగా ఆడియో రికార్డు చేయాలనిపిస్తే ముందు లాయర్ని అడగండి, అది కొన్నిచోట్ల నేరం. కోపంలో మెసేజ్‌లు పెట్టకండి. "కేసు పెడతా" అని బెదిరించకండి. పెట్టదలచుకుంటే పెట్టాలి కానీ చెప్పి భయపెట్టకూడదు.

మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. చట్టం చోటును బట్టి మారుతుంది కాబట్టి ఆమెకు తెలియకముందే ఒక లాయరును కలవండి. ఇండియాలో 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అడిగే హక్కు స్త్రీలకే ఉంది. అయినా కొట్టి గాయపరచడం ఎవరు చేసినా మామూలు క్రిమినల్ చట్టం కింద నేరమే. హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం కారణంగా భర్త కూడా విడాకులు కోరవచ్చు, దెబ్బలే కాదు, మానసిక హింస కూడా అందులోకి వస్తుంది. అమెరికాలో రక్షణ ఉత్తర్వు కోసం మగవాళ్లూ కోర్టుకు వెళ్లవచ్చు. ఎక్కడున్నా ఒక్క మాట. లాయరును అడగకుండా పాపను తీసుకుని రాత్రికి రాత్రి వెళ్లిపోకండి, తర్వాత పాప ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో అదే మీ మెడకు చుట్టుకోవచ్చు. పాపకే దెబ్బ తగిలే ప్రమాదం ఉందనుకుంటే మాత్రం లాయరు కోసం ఆగకండి, వెంటనే పోలీసుల సాయం అడగండి.

జీతం పడే ఖాతా మీ పేరునే ఉంది కదా. కార్డు వెంటనే లాక్కోవాలని చూడకండి, దానివల్ల ఆ రోజే గొడవవుతుంది. ఎక్కడుంటారో, ఎవరి తోడు ఉంటుందో తేల్చుకున్నాక ఆ పని పెట్టుకోండి. వెళ్లిపోతున్నారని తెలిసినప్పుడే బెదిరింపులు పెరుగుతాయి. విడిపోతారా, కలిసి ఉంటారా అన్నది నేను చెప్పను. అది మీ ఇద్దరి పెళ్లి, మీ నిర్ణయం. భయం లేకుండా కూర్చుని ఆలోచించే చోటు ముందు దొరకాలి.

ఆ చోటు మీ అక్క అనుకుంటున్నాను. ఇంతకాలం మాట్లాడనందుకు కోపంగా ఉంటుందేమో అన్న సంకోచం ఉంటుంది మీకు. ఆఫీసు నుంచి చేయండి. కథంతా చెప్పక్కర్లేదు. "అక్కా, నాకు ఇంట్లో దెబ్బలు తగులుతున్నాయి. ఇప్పుడే ఏం చేయొద్దు, ఆమెకు ఫోన్ చేయొద్దు, ముందు నేను చెప్పేది విను." ఇంత చాలు. మీ ఫ్రెండు నవ్వాడంటే, నిజం చెప్పాలంటే, అతనికి ఏమనాలో తెలియలేదు. నవ్వినవాణ్ణి వదిలేసి ఇంకొకరికి చెప్పండి. అక్క కూడా సరిగా వినకపోతే మూడో మనిషికి చెప్పండి.

పాప మీ చెవిలో అన్న మాటకు మీరేం జవాబిచ్చారో రాయలేదు. బహుశా తల నిమిరి ఊరుకుని ఉంటారు. పిల్లలు ఇంట్లో గొడవకు తామే కారణం అనుకుంటారు, అమ్మను ఊరుకోబెట్టే పని, నాన్నను కాపాడే పని తమదే అనుకుంటారు. ఈసారి ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. "అమ్మకి కోపం వస్తే అది నీ వల్ల కాదమ్మా. నన్ను చూసుకునే పని నీది కాదు, అది పెద్దవాళ్లు చూసుకుంటారు." అమ్మ గురించి చెడుగా ఒక్క మాట కూడా వద్దు. పాప ఎదురు ప్రశ్న వేస్తే, వేస్తుంది, "ఏ పెద్దవాళ్లు నాన్నా?" అని అడుగుతుంది. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర ఒక పేరుండాలి. అందుకని ముందు అక్కకు ఫోన్ చేయండి. చేశాక నాకు రెండు వాక్యాలు రాయండి.